తొందరపడి చెప్పిన సాక్ష్యం

మేలు జరిగినవాళ్లు ఆదివారం లేచి నిలబడి సాక్ష్యం చెప్పడం మా చర్చి సంఘంలో అలవాటు. జ్వరం తగ్గినవాళ్లు, బిడ్డ పెండ్లి కుదిరినవాళ్లు, బోరులో నీళ్లు పడినవాళ్లు రెండు ముక్కలు చెప్పి కూర్చుంటారు. నేను ఇరవై నిమిషాలు చెప్పాను.

అప్పటికి నా చేతికి వచ్చింది ఉద్యోగం కాదు. ఉద్యోగం ఇస్తామని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ రాసిన ఉత్తరం మాత్రమే. అయినా మొయినాబాద్‌లోని మా రేకుల చర్చిలో మైకు పట్టుకుని గచ్చిబౌలి అద్దాల మేడలను, అందులో నేను తిరగబోయే లిఫ్టును కళ్లకు కట్టినట్టు వర్ణించాను. నా కోసం దేవుడు చేసిన పనుల్లో దేవుడికే తెలియనివి కూడా కొన్ని కలిపాను. ముందు వరుసలో చాప మీద కూర్చున్న మా అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. మా వైపు తల్లిని అవ్వ అంటాం. ఆమె గులాబీ తోటలో పూలు కోసి నన్ను ఇంజనీరింగ్ చదివించింది.

ఆ తర్వాత అమెరికాలో బ్యాంకులు కూలాయి. అక్కడ బ్యాంకు కూలితే ఇక్కడ నా లిఫ్టు ఎందుకు ఆగాలో నాకు అర్థం కాలేదు. చేరాల్సిన తేదీ వాయిదా పడిందనీ, మళ్లీ కబురు చేస్తామనీ కంపెనీ వాళ్లు మెయిల్ పెట్టారు. ఎప్పుడు చేస్తారో రాయలేదు. నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇరవై నిమిషాల సాక్ష్యాన్ని వెనక్కి తీసుకోవాలంటే పది నిమిషాలైనా నిలబడాలి కదా. ఆ పది నిమిషాలు తప్పించుకోవడానికి ఐదు వారాలు నాటకమాడాను.

చేరాల్సిన రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడలో ఎప్పుడో కాలేజీ సెమినార్‌లో ఇచ్చిన ట్యాగు తగిలించుకుని బయలుదేరాను. కార్డు మీది అక్షరాలు కనబడకుండా తిరగేసి పెట్టాను. భుజాన బ్యాగు, అందులో అవ్వ కట్టిన టిఫిన్ డబ్బా. హైదరాబాద్ పోయే పట్నం బస్సుల్లో అందరూ తెలిసినవాళ్లే ఉంటారని రోడ్డు దాటి, ఎదురు దిక్కున పోయే చేవెళ్ల బస్సెక్కాను. చేవెళ్లలో ఒక నెట్ సెంటర్లో కూర్చుని సాయంత్రం దాకా మెయిల్ తెరవడం, మూయడం. అదే నా ఉద్యోగం. మధ్యాహ్నం కూరగాయల మార్కెట్ వెనక క్యారెట్ సంచుల మీద కూర్చుని డబ్బా తినేవాణ్ణి. ఇంటికొచ్చాక అవ్వ "ఎట్లున్నది బిడ్డా పని?" అంటే, "మస్తు పనున్నది అవ్వా, సిస్టం ముందలకెళ్లి లేవనిస్తలేరు" అనేవాణ్ణి. అందులో రెండో సగం నిజమే.

ఇంతలో ఆగమన కాలం వచ్చింది. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు క్రీస్తు రాక కోసం ఎదురుచూసే రోజులు. సరుగుడు కొమ్మలు గుండ్రంగా చుట్టి, నాలుగు కొవ్వొత్తులు నిలబెట్టి, వారానికొకటి వెలిగిస్తాం. మొదటిది ఆశ కొవ్వొత్తి.

ఆ ఏడాది చర్చిలో ఆశ కరువుగానే ఉంది. మోకిల వైపు వెంచర్లు ఆగిపోయి మేస్త్రీలు ఖాళీగా తిరుగుతున్నారు. తోటలో కూలీలను సగానికి తగ్గించారు. అవ్వకు ఇంకా పని ఉందంటే అదే గొప్ప. మొదటి ఆదివారం పాస్టరయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఈ ఏడు అందరం దెబ్బతిన్నం. మనల్ల ఒక్కడన్న ఒడ్డెక్కిండు. నువ్వొచ్చి ముట్టియ్యి బిడ్డా" అని నన్ను పిలిచాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. నేను ట్యాగుతో సహా లేచాను. ఆదివారం కూడా ట్యాగు వేసుకున్న ఘనుణ్ణి నేను. మొదటి అగ్గిపుల్ల విరిగింది. రెండోది కూడా విరిగింది. విరిగిన పుల్లలకు ఫ్యాను గాలి సాకు చెప్పాను. ఎవరో పాపం ఫ్యాను ఆపేశారు. ఇక మూడో పుల్ల చేతిలో పట్టుకుని అవ్వ ముఖం చూశాను. ఇంతమందిలో ఆమె తల దించుకునేలా చేయబోతున్నానని తెలుసు. కానీ పని పోయిన మేస్త్రీల ముందు ఒడ్డెక్కినవాడిలా నిలబడి ఆ వత్తి ముట్టించడం నా వల్ల కాలేదు.

"నాకు నౌకరి రాలే" అన్నాను. "దినాం చేవెళ్ల నెట్ సెంటర్ల కూసోనొస్తున్న."

ఇరవై నిమిషాల సాక్ష్యం రెండు ముక్కల్లో అయిపోయింది. అవ్వ చాప మీది నుంచే అన్నది:

"నాకెరుకే బిడ్డా. పట్నం బస్సు రోడ్డుకు ఇటు ఆగుతది. నువ్వు దినాం అటు నిలవడ్తివి. తోటకు వోయే ఆటోలకెళ్లి చూస్తనే ఉన్న."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. తోట ఆటోలో పోయేవాళ్లు మా సంఘంలో అరడజను మందైనా ఉంటారు. అంటే అందరికీ తెలుసు. తెలిసే చప్పట్లు కొట్టారు. తెలియనిది పాస్టరయ్యకు నా సంగతి, నాకు వాళ్ల సంగతి, అంతే.

"మరి ఎందుకడగలే అవ్వా?"

"నువ్వే చెప్తవని చూస్తున్న" అన్నది.

ఐదు వారాలు రోజూ డబ్బా కట్టిచ్చింది. ఒక్కనాడు కూడా మరవలేదు. నాకు ఏడుపొచ్చింది, అందరి ముందే ఏడ్చాను. పాస్టరయ్య ఏం చేయాలో తోచక అగ్గిపెట్టె కోసం చెయ్యి చాచాడు, ఇంకెవరితోనైనా వెలిగిద్దామని.

"వాన్నే ముట్టియ్యనియ్యి అయ్యా" అన్నది అవ్వ. "నౌకరి వచ్చినోనికి ఆశతోని ఏం పని?"

మూడో పుల్ల అంటుకుంది.