సాంటాకు అప్పగించిన సంచి

భర్త ఇనాయతుల్లాతో వేగడం మసూదాకు కర్నూల్లోనే కష్టం. కొడుకు కంప్యూటర్ల వై2కె పనితో ఆఫీసుకే అతుక్కుపోయి, మనవడు హస్సాన్‌ను చూసుకోమని ఆస్ట్రేలియాలోని క్లేటన్‌కు రప్పించాక మరీ కష్టమైంది. ఏటా క్రిస్మస్ ముందు ఫైరింజన్ మీద సాంటా వచ్చి వీధి పిల్లలకు జెల్లీలు, బిళ్లలు విసురుతాడు. ఈయన కళ్లజోడు నుదుటిమీదికి తోసి, ఒక్కో కాగితం కంటికి ఆనించుకుని చదివి, "జెలటిన్, పంది ఎముకలది, హరామ్" అంటూ హస్సాన్ దోసిలి ఖాళీ చేస్తాడు. వాడు ఏడుస్తాడు. ఈసారి ఆయన హలాల్ చాక్లెట్లు ఓ సంచెడు తనే కొని, వీధి మొదట్లో సాంటాకిచ్చి, తమ ఇంటి ముందు వెయ్యమన్నాడు. సాంటా వాటిని అన్నిటితో కలిపేసి వీధంతా చల్లాడు. హస్సాన్‌కు జెల్లీ పాములే దొరికాయి.

"అది మన సొంత బండి అనుకున్నారా?" అంది మసూదా.

ఆయన ఆ పాములన్నీ పట్టుకుని ఎర్రటెండలో రోడ్డు పక్కన గొంతుక్కూర్చున్నాడు. "టేక్ స్నేక్, బేటా! గివ్ చాక్లెట్!"

"టూ స్నేక్స్ ఫర్ వన్, అంకుల్!" అంది ఎదురింటి పిల్ల.

"డన్!" అన్నాడు హస్సాన్, తాత నోరు తెరవకముందే.

మసూదా విసుక్కుంటూ లోపలికెళ్లి పీట తెచ్చింది. "దీనిమీద కూచోండి. ఆ మోకాళ్లు మళ్లీ నేనే పిసకాల."