లాడ్లీ బేగం ఇటుకల ఆట

ఆత్మకూర్ బస్టాండు ఎదురుంగ మెహమూద్ సైకిళ్ల దుకాణం. పంచర్లు ఏస్తడు, సైకిళ్లు కిరాయికిస్తడు. దుకాణం ఎనకనే ఇల్లు. ఆ ఇంటికీ దుకాణానికీ పెద్ద దిక్కు ఆయన భార్య లాడ్లీ బేగం. మెహమూద్ ఏ పాన ఎక్కడ పెట్టి మర్సిపోయిండో లోపలి నుంచే చెప్పేటంత ఉషారు మనిషి.

తొంభై అయిదుల ఎండకాలం మెహమూద్ పట్నం పోయి, టైర్లతోని పాటు ఒక వీడియో గేమ్ డబ్బా, దాంట్ల పెట్టే ఆటల క్యాసెట్లు పట్టుకొచ్చిండు. సైకిళ్ల లెక్కనే దీన్ని గూడ గంటకింతని కిరాయికి తిప్పుదామని ఆయన ఆలోచన.

"గిదేంది, కొత్త రకం రేడియోనా?" అన్నది లాడ్లీ బేగం.

"టీవీకి పెడితె ఆట వస్తది. జర నువ్వు పట్టి చూడు, మంచిగ నడుస్తాందో లేదో తెలుస్తది."

ఆ మాట ఎందుకన్ననా అని మెహమూద్ తర్వాత శానసార్లు నెత్తి కొట్టుకున్నడు. ఆమె పట్టి చూసింది. పట్టింది ఇడువలే. ఆ పొద్దు పొయ్యి మీద పప్పు మాడింది, మాడిన సంగతి బజార్ల పోయేటోళ్లకు గూడ తెలిసింది గాని ఆమెకు తెల్వలే.

కిరాయికి ఆడుదామని పోరగాండ్లు వస్తే, "ఆగుండ్రి నాయినా, ఇంకొక్క ప్రాణం మిగిలున్నది, అది పోంగనే ఇస్త" అనేది. ఆ ఒక్క ప్రాణం పోనే పోయేది కాదు. పోరగాండ్లు గోడకు ఆనుకోని కూసోని, ఆడుడు మర్సిపోయి, ఆమె ఆడుతాంటే సప్పట్లు కొట్టుడు అలవాటు చేసుకున్నరు.

ట్యాంకుల ఆటకు ఆమెకు జతగాడు గొర్లు కాసే గుర్వయ్య. ఒకనాడు సైకిల్ చైను ఏయించుకుందామని వచ్చి, చైను సంగతి మర్సి టీవీ ముంగట కూసున్నడు. ఆ ఆటల ఇద్దరు కలిసి శత్రువుల ట్యాంకులను కాల్చాలె. కింద చిన్న గోడ నడుమ ఒక గద్ద బొమ్మ ఉంటది, దానికి దెబ్బ తగిలితె ఆట ఖతం.

"బేగమమ్మా, నువ్వు ముంగటికి పో. ఈడ నేనుంట" అని గుర్వయ్య గొంగడి భుజం మీద సర్దుకోని, తన ట్యాంకును గద్ద పక్కన నిలబెట్టేటోడు. ఆడికెళ్లి కదిలేటోడు కాదు. అవుతల బంగారమసొంటి బహుమతులు తేలుకుంట పోతున్నా సూసేటోడు కాదు. "మందను ఇడిసిపెట్టి పోతార ఎవరన్న?" అనేటోడు.

మోటర్ సైకిళ్ల ఆటల మాత్రం మెహమూద్‌తోని లొల్లి. బండి దిబ్బ మీదికెళ్లి ఎగిరి నేల మీద పడ్డప్పుడల్ల ఆయనకు పానం ఉస్సూరుమనేది. "గంత ఎత్తుకెళ్లి పడితె రింగు వంకర పోకుంట ఉంటదా? ఆ బండి చేసినోడు ఎన్నడన్న పంచరు ఏసిండా?" అని దుకాణంలకెళ్లి కేకలేసేటోడు.

డిసెంబర్ ఆఖర్ల ఒక మాపటికి పక్క చాయ్ హోటల్ రామచంద్రయ్య, అక్కడ కూసున్నోళ్లందరి ముంగట, నవ్వులాటకు అడిగిండు: "బేగమమ్మా, ఎండకాలం సంది ఆడితివి గదా. అన్నిట్ల నీకు బాగ నచ్చిన ఆటలేవి?"

ఆమె పంచాయితిల తీర్పు చెప్పినట్టు కొంగు సర్దుకోని చెప్పింది. "ఒకటో నంబరు ట్యాంకుల ఆట. దాంట్ల తెలివీ ఉన్నది, ధైర్యమూ ఉన్నది. దాని తర్వాత మోటర్ సైకిళ్లు. ఆ తర్వాత తుపాకితోని పిట్టలను కొట్టేది." ఆఖరుకు, "ఇంక ఆ ఇటుకల ఆట గూడ పర్వలేదు" అన్నది.

ఇటుకల ఆటల కొట్లాట ఉండదు, పరుగు ఉండదు. పైకెళ్లి తీరొక్క ఆకారపు ఇటుకలు రాల్తుంటయి. సందు లేకుంట పేర్చాలె. వరుస నిండితె మాయమైపోతది, నిండకుంటె గోడ పెరిగి పెరిగి పైకప్పును తాకుతది, ఆట అయిపోతది. అంతే. గాని అసలు సంగతి ఎవరికి తెలుసు? పగటి నమాజు అయినంక, మెహమూద్ దుకాణంల కునుకు తీసే యాళ్లకు, తలుపు దగ్గరికేసి ఆమె ఒక్కతే ఆడుకునేది అదే. ఒక్కో వరుస నిండి మాయమైతాంటె కడుపుల సల్లగ అనిపించేది. ఆఖరికి సందుగలో బట్టలు గూడ సందు లేకుంట సర్దుడు మొదలుపెట్టింది. గాని గీ ముచ్చట నలుగుట్ల చెప్తె, ఇటుకలు పేర్చుడు గూడ ఒక ఆటేనా అని నవ్వుతరని ఎనకకు నెట్టింది.

మెహమూద్ ఆ 'పర్వలేదు' అన్న మాటను మాత్రం చెవిన ఏసుకున్నడు. కొత్త సంవత్సరంల సామాన్లకని పాలమూరు పోయినప్పుడు, గడియారం స్తంభం కాడ క్యాసెట్లమ్మే వహీద్‌కు ఆ ఇటుకల క్యాసెట్ ఇచ్చేసి, బదులు ఇంకోటి తెచ్చిండు. దాని మీద '999 ఆటలు' అని రాసున్నది.

"చూడు, ఒక్కటి ఇచ్చి ఎన్ని తెచ్చిన్నో!" అని ఛాతి ఇరుసుకోని నిలబడ్డడు.

ఆమె క్యాసెట్ల డబ్బా దేవులాడింది. "ఇటుకలది ఏది?"

"అదే ఇచ్చిన. నువ్వే పర్వలేదంటివి గదా."

"పర్వలేదంటె ఇచ్చెయ్యమన్నట్టా? లగ్గానికి ముందు నిన్ను గూడ మా అమ్మ కాడ పర్వలేదనే చెప్పిన. ఇన్నేండ్ల సంది ఎవరికన్న ఇచ్చిన్నా?"

మెహమూద్ కొత్త క్యాసెట్‌ను ఆమె చేతిల పెట్టిండు.

పోనీ కొత్తదాంట్ల ఏమున్నదో అని పెట్టి చూస్తె, ముంగటివి నాలుగు ఆటలు దాటంగనే అవే మళ్ల మొదలైనయి. ఒకసారి ఆకాశం నల్లగ, ఒకసారి ఎర్రగ, ఒకసారి ట్యాంకులకు చక్రాలు కనవడకుంట. ఇటుకలాట అసలే లేదు. గుర్వయ్య శానసేపు చూసి, "ఒక్క గొర్రెనే దొడ్డి సుట్టు తిప్పి మంద అని అమ్మినట్టున్నది" అన్నడు.

తెల్లారి లాడ్లీ బేగం బురఖా ఏసుకోని బస్సెక్కింది. ఎనక మెహమూద్, తప్పు చేసినోని లెక్క సంచి పట్టుకోని.

వహీద్ ఆమె మాటలు ఇని తల గోక్కున్నడు. "అయ్యో ఆపా, నిన్ననే పోయింది అది. దవాఖానల నర్సు నాగులమ్మ కొనుక్కపోయింది. ఆర్టీసీ డ్రైవర్ ఐలేశం భార్య. డిపో ఎనక గల్లీల ఇల్లు."

గల్లీల తిరిగి తిరిగి ఇల్లు పట్టుకున్నరు. తలుపు తీసింది నాగులమ్మనే, చేతిల ఆట ఆడే రిమోట్ అట్లనే ఉన్నది. సంగతి ఇన్నది. రిమోట్ ఎనకకు దాసుకున్నది.

"అక్కా, నీళ్లు తాగు, చాయ్ తాగు, అన్నం తిని పో. క్యాసెట్ మాత్రం ఇయ్య. రోజంత సూదులు గుచ్చి గుచ్చి, పేషెంట్ల మొత్తుకోలు ఇని ఇంటికొస్తె నాకు నెమ్మది గీ ఇటుకలే."

"నా నెమ్మది గూడ గదే చెల్లె. ఈ మనిషి తెల్వక ఇచ్చిండు."

ఇద్దరి సూపులు మెహమూద్ మీద పడ్డయి. ఆయన జల్ది జల్ది ఐలేశం కూసున్న అర్రలకు పోయి, అన్నా అని పక్కన కూసున్నడు.

ఆఖరికి ఆడి తేల్చుకుందామన్నరు. రెండో రిమోట్ పెట్టిండ్రు. తెర నడిమిట్ల గీత, చెరో దిక్కు చెరో గోడ. ముందు ఎవరి గోడ పైకప్పును తాకితె వాళ్లు ఓడినట్టు. లాడ్లీ బేగం తన పద్ధతిల ప్రతి సందునూ ఎప్పటికప్పుడు పూడ్సుకుంట వచ్చింది. పక్కకు చూస్తె నాగులమ్మ గోడల ఒక అంచుకు పొడుగ్గ సందు ఇడిసిపెట్టి ఉన్నది. 'పాపం, పిల్లకు చేతనైతలేదు' అనుకున్నది. అంతల ఒక నిలువు ఇటుక రాలింది. నాగులమ్మ దాన్ని ఆ సందుల నిలబెట్టింది. నాలుగు వరుసలు ఒక్కసారే మాయం!

"యా అల్లా!" అని లాడ్లీ బేగం నోరు ఎళ్లబెట్టింది. ఎళ్లబెట్టిన నోరు మూసెలోపల ఆమె గోడ పైకప్పును తాకింది.

మెహమూద్ తలుపు సందులకెళ్లి చూసి, ఇంటికి పోయినంక తన గతి ఏమైతదో అని ఫికర్ పడ్డడు. గాని ఆమె మొఖం ఎలిగిపోతాంది.

"చెల్లె, గది ఎట్ల చేసినవ్? మళ్లొకసారి చూపియ్యి!"

మళ్లొకసారి అయింది, ఇంకొకసారి అయింది. ఆకలైతాందని ఆడోళ్లకు యాదికొచ్చేటట్టు లేదని ఐలేశమే పొయ్యి ముట్టిచ్చి ఉప్మా చేసిండు. మెహమూద్ ఉల్లిగడ్డలు కోసిండు.

తింటాంటె ఐలేశమే తొవ్వ చూపిండు. "నా డ్యూటీ ఆత్మకూర్ బస్సు మీదనే గదా. ఒక వారం మా ఇంట్ల, ఒక వారం అక్క ఇంట్ల. తెచ్చిచ్చే పూచి నాది."

గట్లనే ఒప్పుకున్నరు. మాపటికి ఆత్మకూర్ల బస్సు దిగంగనే లాడ్లీ బేగం సీదా రామచంద్రయ్య హోటల్ కాడికి పోయింది. "ఆ పొద్దు సిగ్గుపడి తప్పు చెప్పిన. ఒకటో నంబరు ఇటుకల ఆట. నవ్వెటోళ్లు నవ్వుండ్రి." ఎవ్వరు నవ్వలే. గుర్వయ్య ఒక్కడే జర చిన్నబోయి, "మరి గద్ద కాడ నేనెందుకు కావలున్నట్టు?" అన్నడు. అతన్ని సముదాయించేతందుకు ఆ మాపటికి ట్యాంకులే ఆడాల్సొచ్చింది.

అప్పటిసంది ఆ క్యాసెట్, నాగులమ్మ కుట్టిన చిన్న బట్ట సంచిల, డ్రైవర్ సీటు పక్కన కూసోని పాలమూరుకూ ఆత్మకూరుకూ తిరుగుతుండె. అదేదో దవాఖాన మందు అనుకోని ప్యాసింజర్లు దానికి కాలు తగలనిచ్చేటోళ్లు కాదు. తిరిగిచ్చే వారం మాత్రం గొడవ. ఐలేశం ఇంజన్ చాలు చేసి హారన్ మీద హారన్ కొడుతుండె. కండక్టర్ దిగొచ్చి దుకాణం ముంగట నిలబడి, "అమ్మా, జల్ది!" అని మొత్తుకునెటోడు.

లోపలి నుంచి లాడ్లీ బేగం గొంతు వచ్చేది: "గీ నిలువుది ఒక్కటి రానియ్యి నాయినా. వచ్చేటట్టే ఉన్నది."