పాటలో నా వంతు

సాతంరాయిలో బస్సు దిగగానే బొగ్గుల మీద కాలే మొక్కజొన్న కంకుల వాసన తగిలితే ఇప్పటికీ నాకు ఆదివారం సాయంత్రమే గుర్తొస్తుంది. ఎండ తగ్గి, వాకిట్లో చల్లిన నీళ్లు ఆరీ ఆరకముందే మా విమల పిన్ని చాపలు పరిచి, కంకులు కాల్చి, ఉప్పూ కారం అద్దిన నిమ్మచెక్కతో రుద్ది అందరి చేతుల్లో పెట్టేది. అవి తిన్నాక పాట మొదలయ్యేది.

పిన్ని తెనాలి నుంచి మా ఊరి బడికి టీచరుగా వచ్చి మా ఇంట్లోనే ఉండేది. హాస్టల్లో చదివే రోజుల్లో ఒకే పాటను కింది గొంతు, మధ్య గొంతు, పై గొంతు అని మూడు వరసల్లో కలిపి పాడడం నేర్చుకుందట. ఆ ముచ్చట తీర్చుకోవడానికి వీధి వీధినంతా పిలిచింది. ఎదురింటి యాదమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "నాకు పాటలేం రావక్కా, బతుకమ్మకు చప్పట్లు కొడుత, గంతే" అంది.

"రాకపోతేనే రండి. వచ్చినవాళ్లకి నేనెందుకు?" అంది పిన్ని.

అలా యాదమ్మ పై వరసలో చేరింది. లారీ నడిపే ఖాజా చాచా "నా గొంతు ఇంజన్ లెక్క ఉంటది టీచరమ్మా" అని మొత్తుకున్నా వినకుండా ఆయన్ని కింది వరసలో కూర్చోబెట్టింది. నేనూ వీధి పిల్లలూ మధ్య వరస. రంజాన్ నెలలో చాచా ఉపవాసం విడిచే వేళకు ఇల్లు చేరేలా పిన్ని పాట ముందే ముగించేది, మర్నాడు వాళ్లింటి నుంచి ఖర్జూరాలు వచ్చేవి. సద్దుల బతుకమ్మకు యాదమ్మ తెచ్చే మలీద ముద్దలు తిని, బెల్లం జిగట వదలని వేళ్లతోనే తాళం వేసేవాళ్లం. పిన్ని సొంతంగా కట్టిన వాన పాట ఒకటుండేది. ఎవరి వరస వాళ్లకు విడివిడిగా నేర్పి, చివర్లో మూడూ కలిపితే నాకు ఒళ్లు జలదరించేది.

తర్వాత విమానాశ్రయం వచ్చింది. యాదమ్మ వాళ్ల చేను దాని కింద పోయింది. "ఇగ రాలేనక్కా. చేను పోయినంక ఈడ ఏముంది? షాద్‌నగర్ దిక్కు పోతున్నం" అని పిన్ని చేతులు పట్టుకుని ఏడ్చింది. కిరాయిలు పెరిగి ఖాజా చాచా కుటుంబం పాతబస్తీకి వెళ్లిపోయింది. పిల్లలు కూడా తలో దిక్కూ పోయారు. ఒక ఆదివారం పిన్నీ నేనూ మాత్రమే మిగిలాం. ఆమె వాన పాట ఎత్తుకుని, చాచా గొంతు కలవాల్సిన చోట ఆగి రోడ్డు వైపు చూసింది. నేను నా వరస అందుకోబోతే, "వద్దులే అమ్మా" అని చాపలు చుట్టి లోపల పెట్టేసింది. మళ్లీ ఆమె పాడగా నేను వినలేదు.

పోయిన చలికాలంలో పిన్ని కన్నుమూసింది. చాచాకు చెవులు పూర్తిగా పోయాయని విన్నాను. యాదమ్మ ఎక్కడుందో చెప్పేవాళ్లే లేరు. మా వాకిలి ఉన్నచోట ఇప్పుడు విమాన ప్రయాణికులు దిగే లాడ్జి ఉంది.

మైలార్‌దేవ్‌పల్లిలో మేముండే అపార్ట్‌మెంట్‌లో, ఆదివారాలు ఎవరైనా వచ్చి కలిసి పాడవచ్చని నోటీసు అంటించి చూశాను. ఒక్కరూ రాలేదు. ఖాళీ హాల్లో నా కూతురు నా పక్కన కూర్చుని, "పోనీ నాకు చిన్నమ్మమ్మ వాన పాట పాడు" అంది. నాకు తెలిసిన మధ్య వరస పాడాను. రెండు స్వరాల మధ్యే అటూ ఇటూ ఊగే ఆ వరసను అది చివరిదాకా ఓపిగ్గా విని,

"అమ్మా, పాటెప్పుడు మొదలవుతుంది?" అంది.

నాకొచ్చింది అంతేనని చెప్పాను. మిగతాది ఎవరిని అడగాలో తెలియలేదు.