అల్ ఖూజ్ ఇసుకలో చాచా పెట్టిన సిరీస్

చాచా పోయిన సంగతి నాకు దుబాయ్‌లో నేను పనిచేసే క్లినిక్‌లో తెలిసింది. ఒక పెయింటర్ మోచేతికి కట్టు కడుతున్నాను. జేబులో ఫోన్ మూడుసార్లు మోగి ఆగింది. నాలుగోసారి తీశాను. మా జట్టులో బంతి విసిరే జగిత్యాల తమ్ముడు.

"సిస్టర్, చాచా పోయిండు. ఊర్ల పొద్దుగాల నమాజుకు లేచి, మళ్ల మంచం మీద కూసున్నడట. గంతే," అన్నాడు.

కట్టు పూర్తి చేసి చేతులు కడుక్కున్నాను. పెయింటర్ నా ముఖం చూసి, "ఎవరు సిస్టర్, మీ వాళ్లా?" అని అడిగాడు. మాది నరసాపురం, ఆయనది రాయచోటి దగ్గర పల్లె. నేను చర్చికి వెళ్తాను, ఆయన మసీదుకు. నేను నర్సుని, ఆయన గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు. "మా కెప్టెన్," అన్నాను. ఆ మాట అన్నాక ఏడుపొచ్చింది.

నేనాయన్ని మొదట చూసింది కూడా ఆ క్లినిక్‌లోనే. కరోనా ఆంక్షలు సడలిన తర్వాతి చలికాలం. చిటికెన వేలు పక్కకు వంగిపోయి, నొప్పి కనిపించకుండా పెదాలు బిగించి కూర్చున్నాడు. అరవైకి దగ్గర పడిన మనిషి.

"ఎలా తగిలింది బాబాయ్ గారూ?"

"బంతి పట్టబోయినా సిస్టరమ్మా."

"ఈ వయసులో క్రికెట్టా?"

"క్రికెట్ కాదు. బేస్‌బాల్."

నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయనకు కోపం రాలేదు. "నవ్వితే నవ్వుకో తల్లీ. వేలు మాత్రం సక్కంగా పెట్టించు. ఆదివారం మళ్లీ ఆడాల," అన్నాడు.

డాక్టరు వేలు సరిచేసి వెళ్లాక, నేను పట్టీ చుడుతుంటే ఆ కథంతా చెప్పాడు. వయసులో ఉన్నప్పుడు సౌదీలో ఒక ఆయిల్ కంపెనీ కాలనీలో బస్సు నడిపాడట. అక్కడ క్రేన్‌ల మీద ఫోర్‌మన్‌గా పనిచేసే నల్లజాతి అమెరికన్ ఒకాయన సాయంత్రాలు ఈయనకు బేస్‌బాల్ నేర్పాడు. ఒకడు విసురుతాడు, ఇంకొకడు గుండ్రటి కర్రతో కొడతాడు, కొట్టినవాడు నాలుగు మూలలూ చుట్టి ఇంటికి రావాలి. ఆట అంతే. ఫోర్‌మన్ తాతగారు ఆ ఆటలో పేరున్నవాడు. కానీ ఆ కాలంలో అమెరికా పెద్ద లీగుల్లో నల్లవాళ్లకు చోటు లేదు.

"గేటు మూసేసినారు సిస్టరమ్మా. మూసినారని వాళ్లు గేటు కాడ నిలబడి ఏడవలే. సొంతంగా జట్లు పెట్టుకున్యారు, సొంతంగా లీగులు పెట్టుకున్యారు. ఆ లీగుల్లో గెలిచినోళ్లకీ గెలిచినోళ్లకీ మధ్య సొంతంగా ఛాంపియన్ సిరీస్ పెట్టుకున్యారు. వందేళ్ల కిందటి మాట. మొదటి సిరీస్ పది ఆటలు, నాలుగు ఊర్లు తిరిగి ఆడినారంట. ఒక ఆటైతే ఎంతకీ తేలక, చీకటి పడి ఆపేసినారంట. మీ తాత గెలిచినాడా అని ఫోర్‌మన్‌ని అడిగినా. తాత ఆడిన ఏడాది ఓడిపోయినాడు అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ఎట్ల కూచున్యాడో నువ్వు చూడాల్సింది. రాజు కొడుకు మాదిరి."

నేను కేస్ షీట్ రాస్తుంటే నా చేతినే చూస్తూ కూర్చున్నాడు. "నీ రాత గుండ్రంగా ఉంది. మాకు స్కోరు రాసేవాళ్లు లేరు. వస్తావా?" అన్నాడు.

"నాకా ఆటే తెలీదండీ."

"నాకు సౌదీకి పోయేదాకా తెలీదు. పెద్ద పేపర్లోళ్లు ఆ నల్లోళ్ల ఆటల్ని సరిగ్గా రాయలేదంట. సగం స్కోర్లు పోయినాయి. ఎవరు ఎంత కొట్టినారో మనమళ్లు ఎతుక్కోవాల్సి వచ్చింది. మాకట్ల కాకూడదు."

ఆ ఆదివారం చర్చి నుంచి నేరుగా అల్ ఖూజ్ వెళ్లాను. రెండు గోడౌన్ల వెనక ఖాళీ స్థలం, అంతా ఇసుక. చాచా ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకుని, చీపురుతో మైదానం ఊడుస్తున్నాడు. ఇసుకను ఊడవడమేమిటని అడిగితే, "రాళ్లు ఏరితే కాళ్లు మిగుల్తాయి" అన్నాడు. వర్క్‌షాప్ కార్పెంటరు లేత్ మెషీన్ మీద తీసిన బ్యాటు. వెల్డింగ్ గ్లవ్స్ లోపల స్పాంజి కుట్టి చేసిన చేతి తొడుగులు. మూలలకు గుర్తుగా ఇసుక నింపిన బియ్యం సంచులు. ఆడేవాళ్లలో మనవాళ్లు ఉన్నారు, నేపాలీలు ఉన్నారు, ఇద్దరు పెషావర్ వాళ్లు, ఒక ఫిలిపినో ఎలక్ట్రీషియన్. అందరికీ కలిపి చాచా మాట్లాడే భాష ఒకటుండేది: పావు తెలుగు, పావు ఉర్దూ, మిగతాది కేకలు.

చాచా కోపిష్టి. అంపైరుగా నిలబడ్డవాడు బంధువైనా తిట్టేవాడు. చక్కెర జబ్బు ఉందని తెలిసి కూడా ఫ్లాస్కులో తీపి టీ తెచ్చుకుని, నన్ను చూడగానే మూత పెట్టేసేవాడు. ఆట మధ్యలో రాయచోటి నుంచి చాచీ ఫోన్ చేస్తే, "ఎవరూ చచ్చిపోలేదు కదా? అయితే మళ్లా చెయ్" అని పెట్టేసేవాడు. ఆ తర్వాత గంటసేపు బతిమాలుకునేవాడు. కొత్తగా వచ్చినవాడు బ్యాటు పట్టుకుని వణుకుతుంటే మాత్రం పక్కన నిలబడి మెల్లగా చెప్పేవాడు: "భయపడద్దు. బంతికి నీ వీసా తెలీదు."

రెండో చలికాలంలో జట్టు కుదురుకుంది. అప్పుడు చాచాకు ఒక ఆశ పుట్టింది. నగరంలో పచ్చగడ్డి మైదానమున్న ఒక క్లబ్బు చలికాలం బేస్‌బాల్ టోర్నమెంట్ నడుపుతుందని విని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, జగిత్యాల తమ్ముణ్ణీ నన్నూ వెంటబెట్టుకుని వెళ్లాడు. అక్కడి మేనేజరు మర్యాదగానే కూర్చోబెట్టాడు. చాచా గుమాస్తాగిరీ తెలిసినవాడిలా జట్టు పేర్ల కాగితం ముందు పెట్టాడు. మేనేజరు పేర్లు చూడలేదు. ఏ కంపెనీ, ఏ లేబర్ క్యాంపు అని అడిగాడు. చెప్పాక కాగితం వెనక్కి జరిపాడు.

"మెంబర్ల కుటుంబాలు వస్తాయి. మీకూ ఇబ్బంది, వాళ్లకూ ఇబ్బంది. ఒక పని చెయ్యండి. ఫైనల్ రోజు లంచ్ విరామంలో ఒక అరగంట ఆడి చూపించండి. అందరూ సరదాగా చూస్తారు. బిర్యానీ మేమే పెడతాం," అన్నాడు హిందీలో.

చాచా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సాబ్, మేము ఆడేటప్పుడు మీ మెంబర్లు తింటా ఉంటే, బంతి ప్లేట్లలో పడుతుంది. వద్దులే," అన్నాడు. బయటికొచ్చాం. బస్‌స్టాపు దగ్గర ఆగి తమ్ముడితో అన్నాడు: "జెబెల్ అలీ క్యాంపులో ఎవరైనా ఆడేవాళ్లు ఉండారా?"

"ఉన్నరు చాచా. నెల్లూరాయన ఒకాయన, వెల్డరు, జట్టు కడుతున్నడు."

"ఫోన్ కలుపు. యల్లా, కానీయ్."

సిరీస్ అలా పుట్టింది. అల్ ఖూజ్‌కూ జెబెల్ అలీకీ మధ్య ఏడు ఆటలు. ఒక ఆదివారం మా ఇసుకలో, ఒక ఆదివారం వాళ్ల ఇసుకలో. నాలుగు గెలిచినవాళ్లది సిరీస్. మొదటి ఆటకు పదిహేను మంది చూశారేమో. నాలుగో ఆటకు నిలబడటానికి నీడ దొరకలేదు. వంటవాళ్లు గరిటెలతో వచ్చారు. మా హాస్టల్ నర్సులు నలుగురు వచ్చారు. నేను ప్రతి బంతీ రాశాను. ఎవరు కొట్టారో, ఎవరు పట్టారో, పేరూ ఊరూ సహా. చాచా ఆట అయ్యాక పుస్తకం తీసుకుని ఒక్కో పేరు గట్టిగా చదివేవాడు. తన పేరు వినడానికి మనుషులు కంపెనీ బస్సును కూడా ఆపేవారు.

ఆరు ఆటలయ్యేసరికి మూడు వాళ్లవి, మూడు మావి. ఏడో ఆటకు ముందు గురువారం క్లబ్బు మేనేజరు జగిత్యాల తమ్ముడికి ఫోన్ చేశాడు. ఎవరో వీడియో చూపించారట. ఆ ఆదివారమే తమ జట్టుకు అతిథిగా ఆడమన్నాడు. ఒక్కడే రావాలి. బాగా ఆడితే క్లబ్బులోనే ఉద్యోగం చూస్తానన్నాడు. తమ్ముడిది స్కాఫోల్డింగ్ పని. ఎండలో, గాలిలో ఇనుప పైపుల మీద నడిచే పని. ఇంటి దగ్గర ఇద్దరు ఆడపిల్లలు.

చాచా దగ్గరికి వచ్చి తల వంచుకుని నిలబడ్డాడు. నేనక్కడే ఉన్నాను.

"అమెరికాలో కూడా ఇట్లనే అయింది," అన్నాడు చాచా. "గేటు తెరిచినారు. బాగా ఆడేటోళ్లని ఒక్కొక్కర్నే లోపలికి పిలిచినారు. పోయినోళ్లది తప్పు కాదు. వాళ్ల కోసరమే కదా అన్నేండ్లు కొట్లాడింది. కానీ బయట మిగిలిన లీగు ఎండిపోయింది. దాని గురించి ఎవరూ అడగలేదు."

"మరి నేనేం జెయ్యాలె చాచా?"

"పో. నీ పిల్లోళ్లు ఉండారు. తలొంచుకుని మాత్రం పోవద్దు."

ఏడో ఆటలో మా బంతి చాచాయే విసిరాడు. మోకాలు వాచి ఉంది. వద్దని నేను అరిచాను, వినలేదు. స్కోరు నాలుగుకు నాలుగు. ఏడు రౌండ్ల తర్వాత ఇంకో రెండు రౌండ్లు ఆడినా తేలలేదు. సూర్యుడు గోడౌన్ల వెనక్కి దిగిపోయాడు, బంతి కనిపించడం మానేసింది. నెల్లూరు వెల్డరు దగ్గరికొచ్చి, "చాచా, టాస్ ఏసేద్దామా?" అన్నాడు.

"ఇన్ని వారాలు ఆడింది బిళ్ల ఎగరేసేదానికా? ఎనిమిదో ఆట ఆడదాం," అన్నాడు చాచా, ఒంటికాలి మీద నిలబడి.

అక్కడ క్లబ్బులో తమ్ముణ్ణి ఆట మొత్తం బెంచీ మీదే కూర్చోబెట్టారు. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే పనికొస్తాడని పిలిచారట. ఎవరికీ ఏమీ కాలేదు. తర్వాతి ఆదివారం అతను జెబెల్ అలీ ఇసుకకు వచ్చి దూరంగా నిలబడ్డాడు. ఆడమని అడిగే ధైర్యం లేదు. మా జట్టులో ఒకరిద్దరు, "వాణ్ణి ఈ ఆట పక్కన పెట్టాల్సిందే" అన్నారు.

చాచా బంతి తీసుకెళ్లి అతని చేతిలో పెట్టాడు. "బెంచీ మీద కూచోబెట్టేది వాళ్ల పని. మన పని కాదు," అన్నాడు అందరికీ వినపడేలా.

తమ్ముడు ప్రాణం పెట్టి విసిరాడు. అయినా ఓడిపోయాం. మూడుకు రెండు. జెబెల్ అలీ వాళ్లు నెల్లూరు వెల్డర్ని భుజాల మీద ఊరేగించారు. చాచా హుందాగా ఓటమి ఒప్పుకున్నాడని రాయాలని ఉంది. ఒప్పుకోలేదు. మూడో రోజు బీపీ చూపించుకోవడానికి వచ్చి, "మూడో రౌండులో ఆ నేపాలీ తమ్ముడు ముందర పరిగెత్తి ఉంటే కథ వేరే సిస్టరమ్మా. వచ్చే ఏడు చెప్తా వాళ్ల సంగతి" అన్నాడు. చెప్పాడు కూడా. మరుసటేడు ఆరు ఆటల్లోనే సిరీస్ మాది.

ఆ తర్వాత వేసవిలో తమ్ముడు ఫోన్‌లో ఒక వార్త చూపించాడు. నల్లజాతి లీగుల స్కోర్లను ఇప్పుడు అమెరికా పెద్ద లీగు తన రికార్డుల్లో కలుపుకుందని. మేమంతా చాచా సంతోషిస్తాడనుకున్నాం. ఆయన కళ్లజోడు పెట్టుకుని తెరను చాలాసేపు చూశాడు.

"మంచిదే. కలపాల్సిందే. కానీ వీళ్లు కలిపినారని ఆ ఫోర్‌మన్ తాత ఇయ్యాళ గొప్పోడు కాలేదు. ఆడిన దినమే గొప్పోడు. గుర్తు పెట్టుకోండి, రేపు మిమ్మల్ని ఎవరైనా కలుపుకుంటే థాంక్స్ చెప్పి ఊరుకోండి. కాళ్ల మీద పడద్దు."

పోయినేడాది గుండె బలహీనపడిందని డాక్టర్లు తేల్చారు. కంపెనీ ఇంటికి పంపించింది. ఎయిర్‌పోర్టుకు రెండు జట్లూ వచ్చాయి. వీల్‌చెయిర్ తెస్తే దాన్ని పక్కకు నెట్టి, బ్యాగు దాని మీద పెట్టి, తనే తోసుకుంటూ లోపలికి నడిచాడు. నర్సుగా నాకు కోపం వచ్చింది. ఇవాళ తలచుకుంటే ఆ కోపం లేదు.

ఆయన చనిపోయిన వారమే సిరీస్‌లో మూడో ఆట. ఆపుదామన్నారు కొందరు. నేను చాచీకి ఫోన్ చేశాను. "ఆ ఆట ఏందో నాకు తెలీదమ్మా. ముప్పై ఏండ్లు ఆయన్ని నాకు దూరంగా పెట్టింది దుబాయ్. ఆడ ఆయన నవ్వినాడంటే ఆ ఆటలోనే అంట. ఆపద్దండి," అంది.

మా పాత స్థలంలో ఇప్పుడు కొత్త గోడౌన్ పునాదులు తవ్వుతున్నారు. అందుకని కంపెనీ బస్సులు నిలిపే చోట, బస్సుల వరసకు ఎదురుగా ఆడాం. నిలబడి మౌనం పాటించడం చాచాకు నచ్చదని, అందరం కలిసి ఆయన పేరు ఒక్కసారి గట్టిగా అరిచాం. తర్వాత ఆట మొదలైంది.

రెండో రౌండులో ఫిలిపినో ఎలక్ట్రీషియన్ కొట్టిన బంతి లేచి వెళ్లి ఒక బస్సు పైకప్పు మీద ధన్‌మని పడింది. ఆ బస్సు డ్రైవరు, తెల్లగడ్డం పఠాన్, తిట్టుకుంటూ వెనక నిచ్చెన ఎక్కాడు. బంతి కిందికి విసిరాడు. విసిరినవాడు దిగలేదు. పైనుంచి మైదానమంతా కనిపిస్తోంది కాబోలు, అక్కడే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. అతన్ని చూసి ఇంకొకడు ఎక్కాడు. తర్వాత పక్క బస్సు మీదికి నలుగురు, ఆ పక్క దాని మీదికి పదిమంది. ఎవరో చొక్కా విప్పి ఊపుతున్నాడు. చూస్తుండగానే ఆ తెల్ల బస్సుల వరస పొడవునా మనుషులు, నీలం యూనిఫాంలలో, కాళ్లు కిందికి వేలాడేసుకుని, తర్వాతి బంతి కోసం ముందుకు వంగి కూర్చున్నారు.