ఉయ్యూరు ఫ్యాక్టరీ చూడబోయిన ఇద్దరం

మొన్న ఆదివారం కాఫీ తాగుతూ ఫోను తెరిస్తే, మా బీకాం వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక పాత ఫోటో పెట్టారు. ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీ ముందు మా తరగతి మగపిల్లలందరూ బెల్‌బాటమ్ ప్యాంట్లతో, చెవుల మీదికి దిగిన క్రాఫులతో వరసగా నిలబడి ఉన్నారు. మధ్యలో మా కామర్సు మాస్టారు. కింద "మన బంగారు రోజులు" అని రాశారు. అవునవునంటూ ఒకరి తరవాత ఒకరు దండాలు పెడుతున్నారు. ఆ ఫోటో తీసేటప్పుడు నేనూ, నా స్నేహితురాలూ అక్కడే ఉన్నాం. కాస్త పక్కకి జరగమంటే జరిగినవాళ్ళం. డెబ్బై దాటిన మనిషికి ఇంత కోపం పనికిరాదంటుంది మా కోడలు. వచ్చింది మరి, ఏం చెయ్యమంటారు?

మాది బందరు దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు. నాన్న చేపల వ్యాపారి. మా వీధిలో పదో తరగతి దాటిన ఆడపిల్లను నేనే, అందుకని పటమటలో ఉన్న పెద్దమ్మ ఇంట్లో ఉంచి కాలేజీలో చేర్పించారు. అప్పట్లో ఆడపిల్లలు చదివితే తెలుగో, చరిత్రో చదివేవారు, బీకాం అంటే మగవాళ్ళ చదువు. అంత పెద్ద తరగతిలో మేం నలుగురమే ఆడపిల్లలం. ఆ నలుగురిలో ఒకతె నా స్నేహితురాలు. వాళ్ళది మైలవరం, పటమటలో మేనమామ ఇంట్లో ఉండేది. ఆ మేనమామ హైస్కూలు టీచరు, ఇంటినిండా పుస్తకాలు. వాళ్ళింటికి వెళ్తే, చేపలవాళ్ళ పిల్ల అని నాకు మంచినీళ్ళు వేరే గ్లాసుతో ఇచ్చేవారు గానీ, ఆ అమ్మాయి మాత్రం తన గ్లాసు నా ముందుకు తోసి, నా గ్లాసు తను తీసుకుని తాగేసేది.

దానికి ప్రశ్నలు అడగడం ఒక జబ్బు. పుస్తకంలో ఉన్నది చదివి ఊరుకునే రకం కాదు. కంపెనీ వాటాదారులకు నిజంగా ఏమైనా అధికారం ఉంటుందా అని ఒకరోజు తరగతిలో అడిగితే, మాస్టారు "అది నీ మొగుణ్ణి అడుగుదువుగానిలేమ్మా" అన్నారు. తరగతంతా నవ్వింది. ఇప్పుడు ఫోటోకి దండాలు పెడుతున్నవాళ్ళే.

రెండో సంవత్సరం గానుగ సీజన్లో చక్కెర ఫ్యాక్టరీ చూపించడానికి తీసుకెళ్తున్నామని, చూసొచ్చి రాసినదానికి మార్కులుంటాయని చెప్పారు. ఆడపిల్లలు రానక్కర్లేదన్నారు. బస్సులో చోటు లేదట, దారిలో ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిదట. మార్కుల సంగతి అడిగితే, అత్తెసరు మార్కులు వేస్తాంలే అన్నారు. మిగతా ఇద్దరూ బతుకుజీవుడా అనుకున్నారు. నా స్నేహితురాలు మాత్రం కాలేజీ గేటు దాటగానే, "ఉయ్యూరు బస్సు మన పటమట మీదుగానే కదే పోయేది" అంది.

పోయేది మరి. నేను సెలవులకు ఊరెళ్ళే బస్సే అది. ఉయ్యూరు వచ్చిందని కళ్ళు మూసుకుని కూడా చెప్పగలిగేదాన్ని, చక్కెర తీయగా మిగిలిన మడ్డి వాసన కిటికీలోంచి అలా కొట్టేది. ఆ ఉదయం ఇద్దరం ఆర్టీసీ బస్సెక్కి దిగేసరికి, రోడ్డు పొడుగునా చెరకు బళ్ళు, మగపిల్లలు అప్పుడే లోపలికి వెళ్తున్నారు. గేటు దగ్గర ఉన్న ఆఫీసరుగారు మమ్మల్నీ ఆ కాలేజీ వాళ్ళమే అనుకుని, రండమ్మా రండి అని లోపలికి పంపారు. మాస్టారు మొహం మాడిపోయింది. ఆఫీసరు ముందు మమ్మల్ని వెనక్కి పంపలేకపోయారు.

లోపల ఆ వేడి, ఆ చప్పుడు, చెరకు నలిగి రసం కారుతున్న ఆ యంత్రాలు చూస్తూ మగపిల్లలు వెనకపడిపోతుంటే, నా స్నేహితురాలు ఆఫీసరుగారి పక్కనే నడుస్తూ, రసం తీసిన పిప్పి ఏం చేస్తారండీ, చెరకు లేని నెలల్లో కూలీల పరిస్థితి ఏమిటండీ, రేటు ఎవరు నిర్ణయిస్తారండీ అని అడుగుతూనే ఉంది. ఆయన సంతోషంగా చెప్పారు. చివరికి మాస్టారితో, "ఈ అమ్మాయిని చదువైపోయాక మా ఆఫీసుకు పంపండి సార్" అన్నారు. మా కొంప ముంచింది ఆ మాటేనేమోనని నాకు ఇప్పటికీ అనుమానం.

ఫోటో అయ్యాక వాళ్ళు బస్సెక్కారు. వెనక సీట్లు ఖాళీగా కనిపిస్తూనే ఉన్నాయి. మమ్మల్ని మాత్రం వచ్చినట్టే వెళ్ళమన్నారు. కదిలే బస్సులోంచి ఒకడు ఈల వేశాడు. ఎండలో నిలబడి ఆర్టీసీ బస్సు కోసం చూస్తూ, ఆ పిచ్చిది ఇంకా పిప్పి గురించే మాట్లాడుతోంది.

మర్నాడు ప్రిన్సిపాల్‌గారు ఇళ్ళకు కబురు పంపారు. మా నాన్న మొదటిసారి కాలేజీలో అడుగు పెట్టింది అప్పుడే. చెప్పులు బయట విప్పి లోపలికి వచ్చారు, కూర్చోమనలేదు. మీ అమ్మాయి చెప్పకుండా ఫ్యాక్టరీకి వెళ్ళిందని ప్రిన్సిపాల్‌గారు పెద్ద ఉపన్యాసం ఇచ్చారు. నాన్న అంతా విని, "మా ఆడోళ్ళు తెల్లారగట్టే రేవుకాడికెళ్ళి పదిమంది మగోళ్ళలో బేరం చేసొత్తారండి. ఆళ్ళు గడప దాటకపోతే మాకు పొయ్యి ఎలగదు. చదువుకోమని మీ కాడికి పంపితే, చదువు కోసరం ఎల్లిందంటున్నారు. ఇందులో తప్పేంటో నాకు తెలవట్లేదండి" అన్నారు. వెటకారం కాదు, నిజంగానే తెలియక అడిగారు. ప్రిన్సిపాల్‌గారు హెచ్చరించి నన్ను తరగతికి పంపేశారు.

తరవాత దాని మేనమామ వచ్చారు. పుస్తకాల మనిషి. తప్పేమిటని అడగలేదు. రెండు చేతులూ జోడించి, "మాది పరువుగల కుటుంబమండీ, క్షమించండి" అన్నారు. ఆ వారంలోనే టీసీ తీసుకుని దాన్ని మైలవరం పంపేశారు. బస్సెక్కించడానికి వెళ్తే నాతో మాట్లాడనివ్వలేదు. వేసవిలో పెళ్ళయిపోయిందని తెలిసింది.

నేను బీకాం పూర్తిచేసి బ్యాంకులో చేరాను. మేనేజరుగా రిటైరయ్యాను. చాలా ఏళ్ళకి పటమటలోనే ఒక పెళ్ళిలో అది కనిపించింది. జుట్టు తెల్లబడింది, చెయ్యి పట్టుకుని వదల్లేదు. మేమిద్దరం బీకాంలో కలిసి చదివామని దాని పక్కనున్న కోడలితో నేనంటే, ఆ అమ్మాయి ఆశ్చర్యపోయి, "మీరు బీకాం చదివారా అత్తయ్యా? ఎప్పుడూ చెప్పలేదేం" అంది.

"పూర్తి చెయ్యలేదుగా. చెప్పడానికేముందమ్మా" అంది నా స్నేహితురాలు, మామూలుగా, భోజనాలు అయ్యాయా అన్నంత మామూలుగా. నా ఒళ్ళు మండిపోయింది. అది కూడా నాతోపాటు మండిపడితే బాగుండుననిపించింది. అది నా చీర బాగుందంది.

ఇప్పుడు కామర్సు తరగతుల్లో సగానికి పైగా ఆడపిల్లలేనట. ఫ్యాక్టరీలకీ, పోర్టులకీ వాళ్ళను బస్సుల్లో ఎక్కించుకుని వెళ్తున్నారు, దాని గురించి ఎవరూ అనుకోవడం కూడా లేదు. చూస్తే కళ్ళు చల్లబడతాయి. కాలం మారిందండీ అని మా వయసువాళ్ళు ఎంతో తేలిగ్గా అంటారు. మారింది, కాదనను. మాస్టారు లేరు, ప్రిన్సిపాల్‌గారు లేరు, ఆ మేనమామా పోయారు. తప్పేంటని వాళ్ళని అడిగిన మా నాన్నా లేరు. గట్టిగా నాలుగు మాటలు అడుగుదామంటే, ఆ పెద్దవాళ్ళలో ఒక్కరైనా మిగల్లేదు.