అమ్మ పిడికిట్లో అక్షింతలు

మా అక్క మారిపోయిందన్న వార్త నాకు మొదట తెచ్చింది ప్రొద్దుటూరు గాజులామె. ఆమె కూతుర్ని పులివెందులలో ఇచ్చారు. మా అక్క కాపురమూ అక్కడే. కూతుర్ని చూడబోయినప్పుడల్లా ఆ వీధిలో ఆడవాళ్లకు గాజులు తొడిగి, తిరుగు ప్రయాణంలో జమ్మలమడుగులో దిగి మా ఇంటికి వచ్చేది. ఆ రోజు బుట్ట దించీ దించకముందే అంది.

"అమ్మీ, ఒక మాట చెప్తా, ఏమనుకోవాకు. మీ అక్క నాకు ఒక చెయ్యే ఇచ్చింది."

"ఒక చెయ్యేంది పెద్దమ్మా?"

"ఇంగో చేతిలో ఫోన్ ఉండాది. ఎడమ చేతికి తొడిగినా. కుడిచెయ్యి ఇయ్యమ్మా అంటే, ఉండు ఉండు అంటాదే గానీ ఇయ్యదు. నాకా బస్సుకు టైమయిపాయ. ముత్తైదువును ఒక చెయ్యి బోడిగా వదిలేసి ఎప్పుడూ రాలేదు తల్లీ. దావంతా మనసు బేజారే."

నేను నవ్వేశాను. ఆమె నవ్వలేదు.

"నవ్వు నవ్వు. ఒక చెయ్యి మీ బావది, ఒక చెయ్యి ఫోన్‌ది అని పంచిపెట్టేసింది మీ అక్క. రేపు రెండో చెయ్యి గూడా దానికే ఇస్తే మీ బావ యాడికి పోవాల?"

నా చేతులకు గాజులు తొడిగి, మామూలుగా ఇచ్చే కొసరు గాజు కూడా వేసింది. పోతూ పోతూ కుడిచేతికి సరిపడా గాజులు కాగితంలో చుట్టి నా చేతికిచ్చింది. "మీ అక్క వస్తే నువ్వే తొడుగు" అంది. అంత మంచి మనసుతో ఆ వార్త నా దగ్గరికి వచ్చినందుకు ఇప్పటికీ దేవుడికి దండం పెట్టుకుంటాను. వేరేవాళ్ల నోట విని ఉంటే ఇంకోలా ఉండేది.

అక్క గురించి చెప్పాలంటే నా చదువు గురించి చెప్పాలి. మా నాన్న పెద్దముడియం దగ్గర ఒక పల్లెలో గుడి పూజారి. పైతరగతుల బడి దూరమని అక్కను నడుమనే మాన్పించారు. నా వంతు వచ్చేసరికి ఆ మాత్రం బడి కూడా లేదు. అక్కే నాకు బడి. చాటలో నూకలు పరిచి, నా చూపుడువేలు పట్టుకుని "అ" దిద్దించింది. చాట ఊపితే అక్షరం చెరిగిపోయేది. మళ్లీ రాయమనేది. ఆ నూకలే తర్వాత అమ్మ ఉప్మాకు వాడేది. "నీ అక్షరాలన్నీ తినేసినాం పాపా, ఇంగ పొట్టలో ఉంటాయి, యాడికీ పోవు" అని అమ్మ నవ్వేది. ఈ రోజు నేను ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అది అక్క పెట్టిన భిక్ష.

అమ్మకు చదువు రాదు. ప్రతి శనివారం సాయంత్రం వ్రతకథ అక్కే చదివేది. వినేవాళ్లు కథ మొదట్లోనే అక్షింతలు పిడికిట్లో పట్టుకోవాలి. కథ అయ్యేదాకా పిడికిలి విప్పకూడదు. అయ్యాక సగం దేవుడి మీద, సగం తమ తల మీద వేసుకోవాలి. మా అమ్మ మాత్రం తన వాటా తన తల మీద వేసుకునేది కాదు. చదివిన అక్క తల మీద వేసేది. "చదివింది నువ్వు, పుణ్యం నీకే" అనేది. కథ సాగినంతసేపూ అక్క పుస్తకంలోకి ఒకసారి, అమ్మ ముఖంలోకి ఒకసారి చూస్తూ చదివేది. ఎక్కడ అమ్మ కళ్లు చెమరుస్తాయో అక్కడ గొంతు తగ్గించేది.

అక్కకు పిల్లలు లేరు. బావ గుమాస్తా పనిమీద పొద్దున పోతే పొద్దుగూకి వచ్చేవాడు. చదవడానికి ఏదీ దొరకని ఆ ఇంట్లోకి ఫోన్ వచ్చింది. బావే ప్రొద్దుటూరులో కొని తెచ్చి, "ఇంగ నీకు పొద్దుపోదనే మాట లేదు" అన్నాడట. మొదట స్తోత్రాలు చదువుకుంది. తర్వాత ఎవరో ఆడవాళ్ల భక్తి గ్రూపులో చేరింది. ఒకరోజు తనే ఒక కథ చదివి వీడియో పెట్టింది. ముక్కూ ముఖం తెలియని జనం "అమ్మా, మీ గొంతులో సరస్వతి ఉంది" అని రాశారు. బడి మాన్పించిన నాటి నుంచి ఆమెను మెచ్చుకున్నవాళ్లు ఇంట్లో మేమే. ఊరూపేరూ తెలియనివాళ్లు మెచ్చుకోవడం అదే మొదలు. ఆ రుచి తగిలాక మనిషి నిలవలేకపోయింది. ఎంతమంది చూశారు, ఎవరేం రాశారు అని గడియకోసారి తెరిచి చూడడమే. పొయ్యి మీద పప్పు మాడేది. దేవుడి ముందు వత్తి కొండెక్కేది. బావ కోపంతో ఫోన్ లాక్కుంటే అన్నం ముట్టకుండా పడుకునేదట.

నాన్న పోయాక మా ఇంట్లోనే ఉన్న అమ్మ, జబ్బు ముదిరి మంచం పట్టాక, అక్కను పిలిపించాను. అమ్మకు ఒక్కటే కోరిక. డాక్టర్ల మాట కాదు, మందుల మాట కాదు. "పెద్దదాన్ని రమ్మను. నా ఎదురుగా కూచోని కథ చదవమను. మొదట్నుంచి కడదాకా. అంతే నాకు కావాల్సింది." పోయేలోగా ఆ ఒక్కటి జరిపించాలని నేనూ మనసులో మొక్కుకున్నాను.

అక్క వచ్చింది. కాగితంలోని గాజులు తొడగబోతే నవ్వి చెయ్యిచ్చింది. రెండో చేతిలో ఫోన్ అలాగే ఉంది.

"అక్కా, శనివారం ఒక్కపొద్దు ఉంటాం గదా. అన్నం మానుకున్నట్టే ఆ దినం ఫోన్ మానుకోరాదూ?" అన్నాను.

"అన్నమయితే రెండు దినాలయినా మానుకుంటానే. ఇది..." అని ఆగిపోయింది. తర్వాత తనే, "సరే, చూస్తాం పా" అంది.

ఆ శనివారం ఫోన్‌ను బియ్యం డబ్బాలో పెట్టి మూతేసింది. మధ్యాహ్నానికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చీర కొంగు మెలితిప్పుతూ కూర్చుంది. కథ మొదలుపెట్టి, నడుమ ఆగి, "ఈ పొద్దు కథ కోసం వాళ్లంతా కాచుకోని ఉంటారే" అంది. గొంతులో ఏడుపు ఉంది. నాకు జాలి వేసింది. అమ్మే అడిగింది.

"వాళ్లకు గూడా దేవుని కథేనా చదివేది?"

"అవునమ్మా."

"దేవుని కథ నలుగురు ఇంటే మంచిదే గదా. పెట్టుకోపో. దేవుని పనికి ముడితే ఒక్కపొద్దు యాడ చెడుతాది?"

నేనూ తల ఊపాను. దేవుడి పేరు చెబితే మా ఇంట్లో ఎవరం ఏదీ కాదనం. వచ్చిన చిక్కంతా అక్కడే. అది సినిమా పాటో, వంటల ముచ్చటో అయి ఉంటే శనివారం వద్దని గట్టిగా అనేవాళ్లం. వ్రతకథ కావడంతో ఆ ఒక్కరోజు కట్టుబాటు కూడా పోయింది.

మా ఇంట్లో సిగ్నల్ కిటికీ దగ్గరే అందుతుంది. అక్క ఫోన్‌ను కిటికీలో నిలబెట్టి, లైవ్ పెట్టి, దానికి ఎదురుగా కూర్చునేది. అంటే అమ్మ మంచానికి వీపు తిప్పి. "అమ్మను కూడా చూపించండి" అని వినేవాళ్లు అడిగారట. అప్పటి నుంచి వెనకాల అమ్మ కనిపించేలా జరిగి కూర్చునేది. అమ్మ ఒకసారి అడిగింది.

"ఎవరికి చదువుతాండావు పాపా?"

"నీకేమ్మా."

"నా మొగం చూడకుండానా?"

"ఫోన్లో కనపడతాండావు లేమ్మా, చూస్తానే ఉండా."

అమ్మ పిడికిలి ఇంకా గట్టిగా పట్టుకుంది.

ఆ చివరి శనివారం నేను వంటింట్లో రాగి గంజి కాస్తున్నాను. అక్క గొంతు వినబడుతూనే ఉంది. ఎంత బాగా చదివిందో ఆ రోజు! ఎక్కడా తడబడలేదు, ఎక్కడా ఆపలేదు. అమ్మ కోరినట్టే మొదటి నుంచి చివరిదాకా. మంగళం కూడా పాడింది. తర్వాత, రాసినవాళ్లకు ఒక్కొక్కరికీ జవాబు చెబుతోంది. "సంతోషమమ్మా... మీరూ బాగుండాల... ఆ, మా అమ్మేనమ్మా..."

గంజి గిన్నె పట్టుకుని వెళ్లాను. అమ్మ చెయ్యి మంచం పట్టె మీది నుంచి వేలాడుతోంది. పిడికిలి విడిపోయి ఉంది. పసుపు అక్షింతలు కింద నేల మీద ఉన్నాయి. కళ్లు సగం తెరుచుకుని అక్క వీపు వైపే ఉన్నాయి.

"అక్కా" అన్నాను.

"ఉండవే, రెండు మాటలుండాయి, చెప్పొస్తా" అంది తిరగకుండానే.

ఫోన్లో అమ్మ ముఖం ఉండవలసిన చోట అంతా కామెంట్లే. కింద నుంచి పైకి ఒకటి మీద ఒకటి ఎక్కుతూ ఆ ముఖాన్ని కప్పేశాయి. అందులో ఒకటి నేను చదివాను. అక్క నేర్పిన చదువుతోనే చదివాను. "అమ్మగారు హాయిగా నిద్రపోయారు, అంతా మీ గొంతు మహిమ." పక్కన రెండు దండాలు, ఒక పువ్వు.

అక్క దానికి "ధన్యవాదాలు" చెబుతూ ఫోన్లోనే నా ముఖం చూసింది. అప్పుడు వెనక్కి తిరిగింది.

ఆ తర్వాతి సంగతి రాయడానికి నాకు చేతకావడం లేదు.

అమ్మ కథ వింటూ పోయింది, బిడ్డ గొంతు చెవిలో ఉండగా పోయింది, అంతకన్నా మంచి చావు ఎవరికి దొరుకుతుంది అని నేను అక్కతో ఎన్నోసార్లు అన్నాను. నా మనసుకు అది నిజమే. అందుకు దేవుడికి రుణపడి ఉన్నాను. అక్క మాత్రం ఒప్పుకోలేదు. "ఇనింది సరే. పిడికిలి ఎప్పుడు ఇడిసిందో నాకు తెలీదు గదే. కథలో ఏ చోట పోయిందో తెలీదు. చూస్తా చదివింటే తెలిసేది గదా" అంటుంది.

నేల మీది అక్షింతలు నేను ఏరి భరిణెలో దాచాను. కర్మలన్నీ అయ్యాక అక్క అడిగింది. భరిణె ఇస్తూ, "తలమీద ఏసుకో అక్కా" అన్నాను.

"అమ్మ ఎయ్యాల అవి. ఎవరికి వాళ్లు ఏసుకునేటియి కాదు."

నేను చిన్నదాన్ని. పెద్దవాళ్ల తల మీద అక్షింతలు వేయడానికి నాకు అర్హత లేదు. భరిణె అలాగే మూసి తీసుకుపోయింది.

ఫోన్ పగలగొట్టేస్తుందని అనుకున్నాం. అలా చేయలేదు. పగలగొడితే తను ఇంకొకటి కొనుక్కుంటుందని ఆమెకు తెలుసు. భక్తి గ్రూపుల్లోంచి బయటికి వచ్చింది. పొద్దున బావ ఇంట్లో ఉన్నప్పుడు కాసేపు చూసి ఆయన చేతికే ఇచ్చేస్తుంది. శనివారం అసలు ముట్టదు, దేవుడి పనికి కూడా. కొన్ని రోజులు ఓడిపోతుంది. ఓడిపోయిన రోజు నాకు తనే చెబుతుంది. "ఈ పొద్దు మళ్లా చూసినానే" అంటుంది, చిన్నపిల్ల చెప్పినట్టు. నేను తిట్టను.

మొన్న గాజులామె వచ్చి చెప్పింది. "ఈసారి మీ అక్క రెండు చేతులూ ఇచ్చింది అమ్మీ. కానీ గాజులు చూల్లేదు. నేను తొడుగుతాంటే నా మొగమే చూస్తా కూచునింది. ఏంది తల్లీ అట్ల చూస్తాండావు అంటే, ఏం లేదు పెద్దమ్మా, నువ్వుండావా లేదా అని అనింది." చెబుతూ ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

మా ఊళ్లలో అక్కను అందరూ ఒక్క మాటతో గుర్తుపెట్టుకున్నారు. తల్లి పోతుంటే ఫోన్ చూస్తూ కూర్చున్న మనిషి అని. అది అబద్ధం కాదు. కానీ అంతే అంటే అన్యాయం. ఇది చదివిన మీరు, ఎవరో నాకు తెలియదు, దీపం పెట్టే వేళ ఒక్కసారి మా అక్కను తలుచుకోండి. చాటలో నూకలు పరిచి, చెల్లెలి వేలు పట్టుకుని, అక్షరం చెరిగిపోయినప్పుడల్లా విసుక్కోకుండా మళ్లీ దిద్దించిన పిల్లగా తలుచుకోండి. మీలో ఆమెకన్నా పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే, ఉన్నచోటి నుంచే, మనసులోనే, ఆమె తల మీద నాలుగు అక్షింతలు వేయండి.