జల్లెడ అంచున దండు చీమ

ఇవాళ పొద్దున్న కాఫీ కలుపుకుంటూ ఉంటే వంటింటి కిటికీ అంచున చీమల బారు కనిపించింది. పక్క ఫ్లాట్లోని తెలుగువాళ్ళ అమ్మాయి పెరుగు తోడు కోసం గిన్నె పట్టుకుని అప్పుడే వచ్చింది. "జస్ట్ స్ప్రే లా, ఆంటీ" అని సింగపూర్ యాసలో తేలిగ్గా సలహా పారేసింది. నేను స్ప్రే తీయలేదు. కళ్ళజోడు పెట్టుకుని, గట్టు మీదకి వంగి, చీమలన్నీ ఒకే సైజులో ఉన్నాయా లేదా అని చూశాను. అన్నీ ఒకే సైజు. అమ్మయ్య అనుకున్నాను. ఆ పిల్ల నన్ను కాస్త జాలిగా చూసి, తోడు తీసుకుని వెళ్ళిపోయింది. చీమల సైజు చూసి కంగారుపడే ఈ జబ్బు నాకు మా అక్క కూతురు అంటించింది.

అసలు కంగారంతా మా వంశంలో నా వాటాకే వచ్చింది. గ్యాస్ కట్టేశానో లేదో అని లిఫ్టు దిగాక మళ్ళీ పైకెక్కి చూసుకునే మనిషిని. అక్క అలా కాదు. పొడుగు, వెడల్పాటి నుదురు, పెద్ద గొంతు. నేను ఆవిడ భుజం దాకా కూడా రాను. కాకినాడలో ఇద్దరం కలిసి నడుస్తుంటే అక్కచెల్లెళ్ళమంటే ఎవరూ నమ్మేవారు కాదు, పక్కింటి పిల్లని వెంటేసుకుని తిరుగుతోందనుకునేవారు. ఆవిడ తల నెరవకుండానే పోయింది. ఆవిడ కూతురు పరిశోధనకని సింగపూర్ వస్తే, టాంపినీస్‌లో మా ఇంట్లోనే ఉండాలని పట్టుబట్టి ఉంచుకున్నాను. తన యూనివర్సిటీ ఊరికి ఆ కొసన. రోజూ బూన్ లే దాకా రైల్లో కునికిపాట్లు పడుతూ వెళ్ళి, అక్కడ బస్సెక్కేది. మీ పిల్ల ఏం చదువుతోందని గుళ్ళో ఎవరైనా అడిగితే, చీమలని చెప్పడానికి మొదట్లో నాకు నామోషీగా ఉండేది.

అవి మన చీమలు కావు. ఆఫ్రికా దండు చీమలు, ఇంగ్లీషులో డ్రైవర్ యాంట్స్ అంటారు. పనిచీమలకి కళ్ళుండవట, అయినా లెక్కలేనన్ని బారు తీరి అడవంతా కదులుతాయట. అవి ఇంట్లో దూరితే మనుషులే బయటికి వెళ్ళి నిలబడతారట. బొద్దింకల్నీ ఎలకల్నీ ఊడ్చేసి దండు వెళ్ళిపోయాక, శుభ్రమైన ఇంట్లోకి మళ్ళీ వస్తారట. ఇదంతా మా పిల్ల సరిగ్గా అన్నం ముందు కూర్చున్నప్పుడే చెప్పేది. వాటికి పేర్లు పెట్టడం మహా చిక్కు వ్యవహారమట. రెక్కల మగచీమ కందిరీగలా ఉంటుంది. దాని తోబుట్టువే అయిన పనిచీమకీ దానికీ పోలికే ఉండదు. అందుకని పాతకాలం పండితులు మగదానికో పేరు, పనిచీమకో పేరు పెట్టి రెండు జాతులని రాసేశారు. తర్వాత వచ్చినవాళ్ళు ఆ ముడులు విప్పుకుంటూ కూర్చున్నారు. కోడిగుడ్డుకి ఈకలు పీకడం కూడా ఒక చదువేనా అనుకున్నాను గానీ, పోనుపోను నాకూ ఆ పిచ్చి పట్టింది.

తను పనిచేసే చోట రెండు పాత సీసాలుండేవి. ఆఫ్రికాలో రోడ్లు వేసే కంపెనీలో ఉద్యోగం చేస్తూ, సరదాకి పురుగుల్ని పోగుచేసిన ఒక పెద్దాయన వాటిని దానంగా ఇచ్చాడు. ఒక సీసాలో పెద్ద తల, కొడవళ్ళలాంటి దవడలు ఉన్న చీమలు. ఆ జాతికి ఎప్పుడో పేరు పెట్టేశారు. రెండో సీసాలో చిన్నవి. దాని చీటీ మీద ఇంకో ఊరి పేరు ఉంది. వాటి తల సన్నం, మీసాల్లో కణుపులు తక్కువ. ఏ పుస్తకంలోని వర్ణనా వాటికి సరిపోలేదు. ఇది కొత్త జాతేనని మా పిల్ల తేల్చింది. కొత్త జాతిని గుర్తించి ముందుగా అచ్చువేసినవాళ్ళకే పేరు పెట్టే హక్కు ఉంటుందట. వాళ్ళమ్మ పేరుకి లాటిన్ తోక తగిలించి పెడతానంది. అక్క పేరు చెక్కిన రాయి గానీ, పలక గానీ ఎక్కడా లేవు. ఇప్పుడు ఏకంగా ఒక జాతికే ఆ పేరు వస్తుందంటే ఎవరికి మాత్రం ఆశ పుట్టదు.

జురాంగ్ వైపు ఓడలు కట్టే చోట డ్రాయింగులు గీసి రిటైరైనదాన్ని కాబట్టి, చీమ బొమ్మ గీసే పని నాకు అప్పగించింది. తను తీసి ఇచ్చిన ఫోటోలు పక్కన పెట్టుకుని ఒక్కో వెంట్రుకా గీశాను. ఓడకి గీసిన బొమ్మ కంటే ఈ చీమకి గీసిందే నన్ను ఎక్కువ హడలగొట్టింది. బొమ్మ కింద అక్క పేరుకి చోటు వదిలాను. అక్కడితో ఊరుకోకుండా కాకినాడకి ఫోన్ చేసి చుట్టాలందరికీ చెప్పేశాను. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత నన్ను చూసే పుట్టించి ఉంటారు.

వ్యాసం పంపే రోజు దగ్గరపడుతున్న కొద్దీ మా పిల్ల తిండి మానేసింది. కంచంలో అన్నం అటూ ఇటూ తోస్తూ కూర్చునేది. ఏమైందని గుచ్చి గుచ్చి అడిగితే చివరికి చెప్పింది. "పిన్నీ, ఆ రెండు సీసాల్లోనూ మీడియం సైజువి ఒక్కటి కూడా లేవు. ఈ చీమల్లో ఒక్క కాలనీలోనే చిన్నా పెద్దా అన్ని సైజులూ ఉంటాయి. అన్నీ ఒక తల్లి పిల్లలే. మధ్యవి కూడా అక్కడే ఉండి ఉంటే మాత్రం నాది కొత్త జాతి కాదు." అంటే మధ్య చీమ కనిపించిందా, అక్క పేరు పోయినట్టే. దొరకలేదుగా, ఇంక నీకేం భయమని అడిగాను. దొరకకపోవడమే తన భయమంది, ఉండాల్సినవి లేవంటే ఎవరో ఏరేసి ఉంటారట. ఆ పెద్దాయన దగ్గర్లోనే బెడోక్‌లో ఉన్నాడు, వెళ్ళి అడిగి వద్దామంది. వాన వచ్చేలా ఉందన్నాను, మోకాలు నొప్పన్నాను. గొడుగు నా చేతిలో పెట్టి బయల్దేరదీసింది.

పెద్దాయన మలేషియాలో పుట్టిన తెలుగువాడు. తాతలు విశాఖ వైపు నుంచి రబ్బరు తోటల్లో పనికి వచ్చారట. గుమ్మంలోనే మకాన్ అయిందా, అంటే భోజనం అయిందా అని ఆప్యాయంగా అడిగి, కూర్చోబెట్టి, భార్య చేత కోకో పాలలాంటి మైలో ఇప్పించాడు. హాల్లో ఒక అలమర నిండా డబ్బాలు. చిన్న మేకులకి ఒక డబ్బా, అంతకంటే పెద్దవాటికి ఇంకోటి, మరలకి వేరే. ఏదీ ఇంకోదానితో కలవలేదు. ఆ డబ్బాలు చూసి నేను మైలో కప్పు కింద పెట్టేశాను.

చీమల్ని ఎలా పట్టారని మా పిల్ల అడిగితే ఆయన మహా సంతోషపడిపోయాడు. ఇన్నేళ్ళకి అడిగే మనిషి దొరికినట్టుంది. తాము దిగిన క్యాంపు వెనకాల ఒక బారు పోతుంటే పళ్ళెంతో ఎత్తి, ఉన్న కాస్త స్పిరిట్లో పోస్తే కొన్ని చావలేదట. "అన్నీ ఒక్కచోట ఉంచితే పెద్దవి చిన్నోటిని కొరికేత్తాయమ్మా. అందుకని జల్లెడ పట్టినాను. పైన పెద్దవి, కింద చిన్నవి. నీటుగా" అన్నాడు. పెద్దవాటిని అక్కడే సీసాలో పోశాడు. చిన్నవాటికి సీసా లేక, డబ్బాలో ఉంచి, తర్వాతి క్యాంపుకి వెళ్ళాక పోసి, ఆ ఊరి పేరు రాశాడు. అంటే రెండు సీసాలవీ ఒకే బారువి. మా పిల్ల ముందుకి జరిగి అడిగింది.

"మరి మధ్యవి, అంకుల్?"

"కన్నాల్లో ఇరుక్కున్నవా? దులిపేసినాను."

సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ఊపిరి ఆడింది. దులిపేశాడు కాబట్టి ఆయన నోటిమాట తప్ప రుజువు లేదు, రుజువు లేదు కాబట్టి అక్క పేరు భద్రం. లేచి చెప్పులేసుకుందామనుకుంటున్నాను. అంతలో వంటింట్లోంచి ఆయన భార్య గొంతు వినిపించింది. ఆ జల్లెడ ఆవిడకి వాళ్ళమ్మ ఇచ్చిందట. దాంట్లో చీమలు పోసి అంటు చేశాడని ఆవిడ కోపం ఇప్పటికీ చల్లారలేదు. తల్లి వస్తువు కాబట్టి పారేయలేదు, చీమలు తాకాయి కాబట్టి మళ్ళీ పిండి జల్లించలేదు. కడిగి, గుడ్డలో చుట్టి, దేశాలు దాటించి, స్టోర్ రూములో పైఅరలో పెట్టింది. "సూడండమ్మా ఈయన చేసిన పని" అని సాక్ష్యం చూపిస్తున్నట్టు తెచ్చి మా ముందు పెట్టింది.

మా పిల్ల సంచీలోంచి భూతద్దం తీసి, జల్లెడని కిటికీ దగ్గర వెలుతురులో పెట్టుకుంది. చెక్క చట్రం కిందికి తీగ మడత పడిన చోట, కడిగినా పోని నల్లటి నలుసులు కొన్ని ఉన్నాయి. స్పిరిట్ చాలక చావని చీమలు తీగని కరిచి పట్టుకుని అలాగే ఎండిపోయాయి. ఒళ్ళు రాలిపోయినా తలలు పట్టు వదల్లేదు. పెద్దవి కావాలి, లేదా చిన్నవి కావాలి అని నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. తను జల్లెడని తిప్పుతూ ఒక్కో తలనీ చూసింది.

"మధ్యవే పిన్నీ" అంది.

పెద్దాయనకి ఏదో అర్థమైనట్టుంది. తాను తప్పు చేశానా అని నెమ్మదిగా అడిగాడు. లేదంకుల్, మీరు చాలా శుభ్రంగా చేశారు, అంది మా పిల్ల. ఆ జల్లెడ తన యూనివర్సిటీకి ఇవ్వగలరా అని అడిగితే, ఆవిడ సంతోషంగా గుడ్డతో సహా ఇచ్చేసింది.

తిరుగు రైల్లో జల్లెడ తన ఒళ్ళో ఉంది. నాకు ఏడుపు తన్నుకొస్తోంది. మనం చూడనట్టు ఊరుకుంటే ఎవరికి తెలుస్తుందన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది నా మొహంలోనే కనిపించి ఉంటుంది. "ఎప్పుడో ఎవరో వచ్చి ఇది తప్పని అమ్మ పేరు కొట్టేస్తారు. అమ్మని రెండోసారి పోగొట్టుకోలేను పిన్నీ" అంది. నేను కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

తను వ్యాసం మొత్తం తిరగరాసింది. ఒకే తల్లి పిల్లల్లో పెద్దా చిన్నా ఎంత తేడాగా ఉంటాయో, ఆ తేడాని చూసి ఎలా మోసపోతామో వివరించింది. నేను కొత్త బొమ్మ గీశాను. పెద్దది, మధ్యది, చిన్నది పక్కపక్కన, మూడింటికీ కింద ఒకటే పాత పేరు. కాకినాడకి ఫోన్ చేసి నా మాట నేనే మింగాను. మా పిల్ల ఇప్పుడు ఇంకో దేశంలో ఇంకేవో చీమల వెంట పడుతోంది. బొమ్మ నకలు మా ఫ్రిజ్ మీద అంటించి ఉంది. అక్క పేరు ఇక్కడైనా రాద్దామా అనుకున్నాను గానీ, కూతురే వద్దనుకున్న అచ్చు నేనెందుకు వేయాలి అని ఊరుకున్నాను.

పొద్దున్న పక్క ఫ్లాట్ అమ్మాయి వెళ్ళాక కాఫీ పట్టుకుని ఆ బొమ్మ ముందు నిలబడ్డాను. పెద్ద తల చీమ పక్కన చిన్నది నిలబడితే తోబుట్టువులని ఎవరూ అనుకోరు, మమ్మల్నీ అనుకోలేదు. అక్క ఆగిపోయిన వయసు దాటి నేను చాలా దూరం వచ్చేశాను. పేరుకి చెల్లెల్నే గానీ, ఇప్పుడు మా ఇద్దరిలో పెద్దదాన్ని నేనే.